అనపకాయలు ఏ పుస్తకంలో ఉన్నాయి? ఇంట్లో వంట పుస్తకాలకు ఆన్‌లైన్ ఇండెక్స్ పెట్టుకోవడం ఎట్లా

మా ఇంట్లో వంట పుస్తకాలు 43 ఉన్నాయి. తెలుగువి 26, ఇంగ్లీషువి 17. ఇవి కాక మా జేజి (నాయనమ్మ) చెప్తుంటే మా చిన్నాయన రాసిపెట్టిన నోటు పుస్తకం ఒకటి, అమ్మవి రెండు, మా అత్తయ్య కాకినాడ నుంచి తెచ్చుకున్నవి రెండు, పేపర్లలో ఆదివారం అనుబంధాల నుంచి కత్తిరించిన కాగితాలు ఒక చీరల డబ్బా నిండా. ఇన్ని పెట్టుకుని కూడా, కడప మార్కెట్లో చవగ్గా వచ్చాయని మా ఆయన మూడు కిలోల వంకాయలు తెచ్చి గట్టు మీద పోస్తే నేను చేసే పని యూట్యూబ్ తెరవడమే. పుస్తకాల్లో లేక కాదు, ఏ పుస్తకంలో ఎక్కడ ఉందో వెతికేలోపు పొయ్యి మీద అన్నం ఉడికిపోతుంది కాబట్టి.

పోయిన ఏడాది ఈ బాధ భరించలేక ఒక పద్ధతి పెట్టుకున్నాను. రెండు భాగాలు. ఇంగ్లీషు పుస్తకాలకు ఒక వెబ్‌సైట్, తెలుగువాటికీ నోటు పుస్తకాలకూ ఫోన్లో మనమే చేసుకునే ఒక షీటు. మొదటిది సులువు, త్వరగా చెప్పేస్తాను. అసలు కథంతా రెండోదాంట్లో ఉంది.

ఇంగ్లీషు పుస్తకాలకు ఈట్ యువర్ బుక్స్ అని ఒక సైటు ఉంది. పేరు చూసి భయపడకండి, పుస్తకాలు తినమనడం లేదు. అక్కడ అకౌంటు తెరిచి మీ దగ్గరున్న పుస్తకాలను మీ అరలో చేర్చుకోవాలి. పేరు కొట్టి వెతకొచ్చు, కానీ వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గర ఉండే ఐఎస్‌బీఎన్ అంకె కొడితే సరైన ముద్రణే దొరుకుతుంది. 2007 నుంచి ఆ అంకెలు 13, అంతకు ముందు అచ్చయిన పుస్తకాలకు 10. మన దేశంలో వేసినవి ఎక్కువగా 978-81 తోనో 978-93 తోనో మొదలవుతాయి. పుస్తకాలు చేర్చాక వెతుకుడు పెట్టెలో వంకాయ, పెసరపప్పు అని ఇంగ్లీషులో కొడితే, లోకంలో ఉన్న వంటలన్నీ కాకుండా మీ అరలో ఉన్న పుస్తకాల్లోంచే తీసి చూపిస్తుంది. ఫలానా దినుసు లేని వంటలు చూపించు అని కూడా అడగొచ్చు. మా మామయ్యకు వంకాయ పడదు, కాబట్టి నాకు ఈ సౌకర్యం బాగా పనికొచ్చింది.

అక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ సైటులో వంట చేసే విధానం ఉండదు. వంట పేరు, ఏ పుస్తకంలోది, అందులో పడే ముఖ్యమైన దినుసులు, అంతే. కొలతలు కూడా ఉండవు. ఫోన్లో చూసి, లేచి, బీరువాలో పుస్తకం తీసి వండుకోవాలి. మా చెల్లెలు ఇది చూసి "ఇంత మాత్రానికి సైటెందుకక్కా" అంది. ఇండెక్స్ అంటే అదేనమ్మా, అన్నం పెట్టదు, అన్నం ఎక్కడుందో చెప్తుంది అన్నాను. అట్లే మీ అరలో చేర్చిన ప్రతి పుస్తకానికీ లోపలి వంటలు ఎక్కించి ఉండవు. కొన్నింటికి ఉత్త పేరే కనిపిస్తుంది. అట్లాంటి పుస్తకం వెతుకుడులో రాకపోతే పుస్తకంలో ఆ వంట లేదనుకోకండి.

పేర్ల గోల కూడా అక్కడే మొదలవుతుంది. వంకాయను మనం ఇంగ్లీషులో బ్రింజాల్ అంటాం, ఇంగ్లండువాళ్లు ఆబర్జీన్ అంటారు, అమెరికావాళ్లు ఎగ్‌ప్లాంట్ అంటారు. బెండకాయ మనకు లేడీస్ ఫింగర్, వాళ్లకు ఓక్రా. కొత్తిమీర ఆకు ఒకరికి కోరియాండర్, ఇంకొకరికి సిలాంట్రో. కందిపప్పును తూర్ దాల్ అని కొట్టండి, రాకపోతే పిజన్ పీ అని కొట్టండి. ఒక పేరుతో రాకపోతే రెండో పేరుతో వెతకడం అలవాటు చేసుకోవాలి.

ఇక మన తెలుగు పుస్తకాలు. నా దగ్గరున్న 26లో ఒక్కటీ నాకు ఆ సైటులో దొరకలేదు. సగానికి పైగా పాత ముద్రణలు, వాటి మీద ఐఎస్‌బీఎన్ అంకె కూడా లేదు. తెలుగు పుస్తకాల్లో ముందు విషయసూచిక ఉంటుంది, అది వంట పేరును బట్టి ఉంటుంది గానీ దినుసును బట్టి ఉండదు. ఇంట్లో అలసందలు ఉన్నాయి, ఏం చేద్దాం అంటే విషయసూచిక జవాబు చెప్పదు. కాబట్టి ఆ జాబితా మనమే చేసుకోవాలి.

నేను గూగుల్ షీట్స్ వాడాను. ఉచితం, ఫోన్లో ఉంటుంది, ఇంట్లో నలుగురూ ఒకే షీటు తెరవొచ్చు. ఒక్క షీటులో కోటి గళ్ల దాకా పడతాయట, మన వంటలకు ఏడు తరాలకు సరిపోతుంది. కొత్త షీటు తెరిచి పై వరసలో ఈ శీర్షికలు రాసుకోండి: వంట పేరు, పుస్తకం, పేజీ, దినుసులు, వేరే పేర్లు, రకం, చేశామా. రకం అంటే టిఫిన్, కూర, పప్పు, పచ్చడి, పొడి, పిండివంట, నాన్‌వెజ్, అంతకంటే ఎక్కువ చీల్చొద్దు. నేను మొదట పచ్చడిని రోటి పచ్చడి, నిల్వ పచ్చడి, ఊరుబిండి అని మూడుగా విడదీసి, తర్వాత ఏది ఎందులో వేశానో నాకే గుర్తులేక మళ్లీ కలిపేశాను.

పుస్తకం గడిలో పుస్తకం పేరంతా కొట్టకండి. ప్రతి పుస్తకానికీ ఒక గుర్తు పెట్టండి. బీరువాలో ఉన్నవి బీ1, బీ2, వంటింటి గూట్లో ఉన్నవి గూ1, గూ2, చీరల డబ్బా డ. ఆ గుర్తే చిన్న కాగితం మీద రాసి పుస్తకం వెన్ను మీద అంటించండి. మరి పుస్తకం చోటు మారిస్తే? మార్చిన రోజే షీటులో మార్చాలి, రేపు చూద్దాం అనుకుంటే అయిపోయినట్టే. మా ఇంట్లో ఉగాదికి ముందు బూజులు దులిపేటప్పుడు అన్నీ కలగాపులగం అయ్యాయి, ఒక ఆదివారం మొత్తం బీ3 కోసం వెతికాను, అది అటక మీద పాత కుక్కర్ డబ్బాలో ఉంది.

అన్నిటికంటే ముఖ్యంగా, వంటంతా టైపు చేయకండి. నేను మొదటి వారం జేజి నోటు పుస్తకంలో నాలుగు వంటలు కొలతలతో సహా కొట్టి, వేళ్లు నొప్పి పుట్టి, నెల రోజులు షీటు ముఖం చూడలేదు. ఒక వంటకు ఒక వరస, పేరు, పేజీ, నాలుగైదు దినుసులు, నిమిషంలో అయిపోవాలి. అచ్చు పుస్తకాలకైతే విషయసూచిక పేజీని ఫోటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు ఎత్తుకోవచ్చు. తెలుగు అచ్చును బాగానే చదువుతుంది, ఒత్తుల దగ్గర తడబడుతుంది, ఒకసారి చూసుకుంటే చాలు. చేతిరాత మాత్రం దానికి రాదనే అనుకోండి. మా చిన్నాయన రాత అయితే మాకే రాదు. నోటు పుస్తకాలకు జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి పైకి చదువుతూ పోవడమే మంచిది, టైపు కంటే మూడింతలు వేగం. ఇంకో హెచ్చరిక. పాత పత్రికల పీడీఎఫ్‌ల నుంచి అక్షరాలు కాపీ చేసి అతికిస్తే కొన్నిసార్లు పిచ్చి గుర్తులు వస్తాయి. అవి ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్ల కాలంలో చేసినవి, ఫోన్ తప్పు కాదు. వాటిని కూడా ఫోటో తీసి లెన్స్‌కే ఇవ్వండి.

దినుసుల్లో ఏవి రాయాలి, ఏవి వదలాలి? ఉప్పు, నూనె, కారం, పసుపు, పోపు గింజలు వదిలేయండి, అవి లేని వంట ఎక్కడుంది. ఏ దినుసు ఇంట్లో ఎక్కువైతే వంట కోసం వెతుకుతారో, ఏ దినుసు లేకపోతే ఆ వంట మానుకుంటారో, అవి రాయండి. చింతపండు విషయంలో నేనూ అత్తయ్యా వాదించుకున్నాం. మా పక్క అది అన్నింట్లో పడుతుంది కదా ఎందుకు అని నేను, చింతపండు తగ్గించమన్నప్పుడు ఏవి మానాలో ఎట్లా తెలుస్తుంది అని ఆవిడ. ఆవిడే గెలిచింది. చింతపండు రాస్తున్నాను.

ఇప్పుడు వేరే పేర్ల గడి. ఇది లేకపోతే మిగతాదంతా దండగ. ఎందుకో చెప్తాను.

సంక్రాంతి ముందు రోజులు. మార్కెట్లో అనపకాయలు దిగాయి, రెండు కిలోలు తెచ్చాను. పితికిపప్పు ఎట్లాగూ చేస్తాం, ఇంకా ఏదైనా కొత్తది చూద్దామని అప్పటికే 400 వరసలు నింపిన షీటులో అనప అని కొట్టాను. రెండు వచ్చాయి. ఒకటి జేజి పుస్తకంలో అనపగింజల పులుసు, రెండోది అత్తయ్య నోటు పుస్తకంలో అనపకాయ పులుసు. ఇదేదో కోస్తా పద్ధతిలో ఉంటుందని ఉబలాటంగా గింజలన్నీ ఒలిచి, నానబెట్టి, పొట్టు పితికి, పప్పు గిన్నెలో వేసుకుని అప్పుడు నోటు పుస్తకం తెరిచాను. మొదటి వాక్యం, లేత కాయ తీసుకుని చెక్కు తీసి పెద్ద ముక్కలు కోసుకోవాలి. అనపకాయకు చెక్కు ఏందబ్బా అని అత్తయ్యను పిలిచాను. ఆవిడ గిన్నెలోకి చూసి, "ఇవి చిక్కుడు గింజలు కదమ్మా, అనపకాయంటే సొరకాయ" అన్నారు. ఆరేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం, ఈ ఒక్క మాట మా మధ్య ఎప్పుడూ దొర్లలేదు, ఎందుకంటే మార్కెట్‌కి పోయేది ఎప్పుడూ నేనో మా ఆయనో, చీటీ రాసేది నేను.

ఆ రోజు పులుసు జేజి పద్ధతిలోనే అయింది. కానీ ఆ రాత్రి కూర్చుని నేనూ అత్తయ్యా ఒక జాబితా రాశాం. అది ఇదిగో, మీకూ పనికొస్తుంది. మా ఎర్రగడ్డ ఆవిడకు ఉల్లిపాయ. మా తెల్లగడ్డ వెల్లుల్లి. మా ఉర్లగడ్డ బంగాళాదుంప. మా బొరుగులు మరమరాలు, వాటితో చేసే ఉగ్గాని అన్న మాట వెతికితే ఆవిడ పుస్తకాల్లో ఏమీ రాదు, మరమరాలు అంటేనే వస్తుంది. మా అలసందలు ఆవిడకు బొబ్బర్లు. మా మటిక్కాయలు గోరుచిక్కుళ్లు. ఓళిగలు, భక్ష్యాలు, పోళీలు, బొబ్బట్లు, నాలుగూ ఒకటే అని నేనంటాను, పిండిలో తేడా ఉందని ఆవిడంటారు, షీటులో మాత్రం ఒకటే. ఇక వేరుశెనగ సంగతి. అనంతపురం జిల్లా పొలాల్లో అంత పండే పంట, పేరు మాత్రం ఊరికొకటి. మా కడపలో శెనక్కాయలు, కర్నూలు పక్క మా పెద్దమ్మ వాళ్లింట్లో బుడ్డలు, పుస్తకాల్లో వేరుశెనగ గుళ్లు, హైదరాబాదులో అచ్చయిన పుస్తకంలో పల్లీలు. ఒక్క పేరుతో వెతికితే నాలుగో వంతు వంటలే కనబడతాయి. ఇంతెందుకు, మా ఊరికే ఇంగ్లీషులో ఒక పాత స్పెల్లింగు, 2005లో మార్చిన ఒక కొత్త స్పెల్లింగు ఉన్నాయి, పాత కాగితాల కోసం వెతికేవాళ్లు రెండూ కొట్టాల్సిందే.

దీనికి విరుగుడు సులువే. షీటులో కింద ఇంకో ట్యాబ్ తెరిచి పేర్లు అని పెట్టండి. ఒక వరసలో ఒక దినుసుకు ఉన్న పేర్లన్నీ పక్కపక్కనే రాయండి. వంట ఎక్కించేటప్పుడు దినుసుల గడిలో పుస్తకంలో ఉన్న మాటే ఉంచండి, మార్చొద్దు. వేరే పేర్ల గడిలో ఆ ట్యాబ్‌లోంచి మిగతా పేర్లు తెచ్చి అతికించండి. అనపకాయ లాంటి మోసపు మాటలకు మాత్రం దినుసుల గడిలోనే స్పష్టంగా రాయాలి. ఇప్పుడు అత్తయ్య పులుసు పక్కన సొరకాయ అని, జేజి పులుసు పక్కన అనపగింజలు అని ఉంటుంది. ఏదైనా మాట ఇద్దరికీ తెలియకపోతే ఆంధ్రభారతి సైటులో నిఘంటువుల వెతుకుడు ఉంది, ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లో అర్థాలు ఒకేసారి వస్తాయి. బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల సైటులో కూడా ఉంది. 1820లో మా ఊరికి వచ్చి ఇక్కడే బంగళా కొనుక్కుని పండితులను కూర్చోబెట్టుకున్న దొర కదా, వంటింటి మాటలకు కూడా ఆయన్నే అడగడం నాకు ఎందుకో బాగుంటుంది.

కంప్యూటర్ ఉంటే ఒక దొడ్డిదారి ఉంది. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, వేరే పేర్ల గడుల్లో శెనక్కాయలు అన్న చోటల్లా నాలుగు పేర్లూ ఒకేసారి పెట్టించేయొచ్చు. కానీ ఒక్కసారే చేయాలి. నేను చేసింది మర్చిపోయి మళ్లీ నొక్కాను, ప్రతి గడిలో పేర్లు రెట్టింపయ్యాయి. అట్లా అయితే కంగారు పడకండి, వెర్షన్ హిస్టరీలోకి పోయి నిన్నటి షీటు వెనక్కి తెచ్చుకోవచ్చు. నాకు అది తెలియక ముందు అరగంట టెన్షన్ పడ్డాను.

వెతకడం ఎట్లా? కంప్యూటర్లో అయితే పై వరసకు ఫిల్టర్ పెట్టి, దినుసుల శీర్షిక పక్కన గుర్తు నొక్కి, షరతుల్లో టెక్స్ట్ కంటైన్స్ ఎంచుకుని మాట కొట్టండి, తర్వాత అది తీసేసి వేరే పేర్ల శీర్షికలో కూడా అదే మాట కొట్టి చూడండి. వద్దనుకున్న దినుసుకు దాని కిందే ఉన్న డజ్ నాట్ కంటైన్. ఫోన్లో అయితే మూడు చుక్కలు నొక్కి ఫైండ్‌లో కొట్టి ఒక్కొక్కటే ముందుకు పోవడం తేలిక. నలుగురు వాడే షీటు అయితే ఫిల్టర్ బదులు ఫిల్టర్ వ్యూ పెట్టుకోండి, లేకపోతే మీరు దాచిన వరసలు మీ అమ్మ ఫోన్లో కూడా మాయమై "నా వంటలన్నీ ఎవరు పీకేశారు" అని ఫోన్ వస్తుంది. వచ్చింది.

తెలుగులో వెతికేటప్పుడు మాట మొదలు మాత్రం కొట్టండి, చివర వదిలేయండి. చింత అంటే చింతపండు, చింతచిగురు, చింతకాయ మూడూ వస్తాయి. మిరప అంటే పచ్చివీ ఎండువీ వస్తాయి. మరీ పొట్టిగా కొడితే మాత్రం తిప్పలే. కూర అని కొట్టి చూడండి, చుక్కకూర, తోటకూర, పాలకూర అన్నీ వచ్చి కూర్చుంటాయి. కంద దుంప కోసం కంద అని కొడితే కందిపప్పు వేసిన వంటలన్నీ వచ్చేశాయి. ఫోనుకు ద అక్షరం వేరు, దాని మీద గుడి వేరు, కాబట్టి కంది లోపల దానికి కంద కనబడుతుంది. అందుకని నేను కందదుంప అని ఒకే మాటగా రాసుకున్నాను. శనగ, శెనగ, సెనగ కూడా దానికి మూడు వేర్వేరు మాటలు. మీ ఇంట్లో ఒకటి నిర్ణయించుకుని అదే రాయండి, ఏది ఒప్పు అన్న వాదన పెట్టుకుంటే షీటు ముందుకు సాగదు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి అని మా చెల్లెలు అడిగింది. బీరువాలో మొదటిదాంతో కాదు. మీ వంటింట్లో నూనె మరకలు ఎక్కువ ఉన్న పుస్తకంతో. నేను రోజుకు పది వరసలు, సీరియల్ వచ్చే టైములో చేశాను. మూడు నెలల్లో 700 దాటాయి. ఇంకా సగం పుస్తకాలు మిగిలాయి, అందులో నాలుగింటిని ఎక్కించను కూడా. వాటిల్లోంచి ఇన్నేళ్లలో ఒక్కటీ వండలేదు, మైక్రోవేవ్ వంటల పుస్తకం అందులో ఒకటి, మైక్రోవేవ్ పాడై చాలా కాలమైంది.

చేశామా అన్న గడిని చిన్నచూపు చూడొద్దు. అందులో తేదీ, ఒక ముక్క. ఉప్పు సగం చాలు. మామయ్య రెండుసార్లు వేయించుకున్నారు. బీ7లోని కారం దోశ ఎర్రకారంలో తెల్లగడ్డలు ఆరు అన్నారు, మనకు పది కావాలి. ఇట్లాంటివి. వెతికినప్పుడు ఒకే వంట మూడు పుస్తకాల్లో వస్తే ఏది తెరవాలో ఈ గడే చెప్తుంది.

నోటు పుస్తకాలకు ఇంకో పని చేయండి. షీటులో వరస ఉన్నా అసలు కాగితం పోతే ఏం లాభం? పేజీలను ఫోటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లో వేసి, పేజీ గడిలో దాని లింకు అతికించండి. జేజి పుస్తకం అంచులు పొడి రాలిపోతున్నాయి, ఇప్పుడు దాన్ని ఎవరూ తెరవడం లేదు, లింకు నొక్కి చూస్తున్నాం. ఫోటోలు పగలు కిటికీ దగ్గర తీయండి, ట్యూబ్‌లైట్ కింద మీ చెయ్యి నీడ పడుతుంది. షీటు యాప్‌లో ఆఫ్‌లైన్‌కు అందుబాటులో ఉంచు అన్నది నొక్కి పెట్టుకుంటే ఊళ్లో సిగ్నల్ లేని చోట కూడా తెరుచుకుంటుంది. లింకుల్లోని ఫోటోలు మాత్రం అప్పుడు రావు, కాబట్టి పల్లెకు పోయేటప్పుడు కావలసిన పేజీలు నాలుగు ముందే ఫోన్లోకి దించుకోండి.

చీరల డబ్బాలోని కత్తిరింపులు నేనింకా ముట్టుకోలేదు. వాటికి పేజీ అంకెలు లేవు, కొన్నింటికి వంట పేరు కూడా లేదు, అవతలి పక్కన రాశిఫలాలు ఉన్నాయి. అత్తయ్య ఒక్కొక్కటీ తీసి, వెనక పక్క చదివి, అప్పుడు పక్కన పెడుతున్నారు. ఇప్పటికి పదకొండు అయ్యాయి.